మలుపు లెక్క.. అకర్‌మాన్!

చీడికాడ నుంచి కొండదారి పట్టే జీపుకి ఎత్తు స్ప్రింగులు వేస్తున్నారా? అయితే రుడాల్ఫ్ అకర్‌మాన్ గురించి తెలియాల్సిందే. 1764లో జర్మనీలోని సాక్సనీలో పుట్టారు. తండ్రి గుర్రపు జీన్లు చేసేవారు. కొడుకు బగ్గీల డిజైన్ నేర్చుకుని లండన్ చేరారు. చిత్రాల ముద్రణతో పేరు తెచ్చుకున్నారు.

మలుపులో లోపలి చక్రం బయటిదానికన్నా ఎక్కువ తిరగాలి. ఆ ఏర్పాటు కనిపెట్టింది మ్యూనిక్ బగ్గీల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్. ఆయన తరఫున 1818లో లండన్‌లో పేటెంట్ తీసుకున్నది అకర్‌మాన్. 1834లో ఆయన పోయినా, స్టీరింగ్ పాఠాల్లో ఆయన పేరే నిలిచిపోయింది.

స్టీరింగ్ ఆర్మ్ మారిస్తే ఆ లెక్క తప్పొచ్చు. సస్పెన్షన్ ఎత్తు పెంచితే చక్రాల కోణాలూ మారతాయి. టైర్లు త్వరగా అరుగుతాయి, బండి పక్కకి లాగుతుంది. ఐటీఐ కుర్రాళ్లూ.. పార్టు మార్చాక అలైన్‌మెంట్ చూడనిదే తాళం ఇవ్వకండి!