చేపల డాక్టరు ఫ్రాన్సిస్ డే

ఈసారి గోడపత్రికలో నేను ఫ్రాన్సిస్ డే అనే ఆయన జీవితం రాస్తున్నాను. మా సైన్సు మేడమ్ చెప్పగా విన్నాను. ఈయన గురించే ఎందుకు రాస్తున్నానో చివర చెప్తాను.

ఫ్రాన్సిస్ డే 1829వ సంవత్సరం మార్చి 2వ తేదీన ఇంగ్లాండు దేశంలో జన్మించెను. డాక్టరు చదువు చదివి 1852లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో వైద్యుడుగా చేరినాడు. అప్పుడు మన కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ అన్నీ మద్రాసు కిందనే ఉండేవి. రోగులకు మందు ఇచ్చేది ఆయన ఉద్యోగం. మనసు మాత్రం చేపల మీద ఉండేది. కొచ్చిన్‌లో ఉన్నప్పుడు చేపలను చూసి చూసి, 1865లో మలబారు చేపల మీద ఒక పుస్తకం వేసినాడు.

ఆ కాలంలో గోదావరికి, కృష్ణకు పెద్ద ఆనకట్టలు కట్టినారు. పులస చేప సముద్రంలో పెరిగి, వరదలు వచ్చినప్పుడు ఏటికి ఎదురెక్కి వచ్చి గుడ్లు పెడుతుంది. మధ్యలో గోడ అడ్డముంటే అది పైకి ఎట్లా పోతుంది? ఈ అనుమానం 1867లో లేపింది ఎవరో కాదు, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరే. ఆ సంగతి చూడమని సర్కారు డే గారికి అప్పగించింది. తర్వాత ఆయన దేశం మొత్తానికి చేపల శాఖ పెద్ద అధికారి అయినాడు.

ఆయన తిరిగి చూసినాడు. చూడలేని చోట అక్కడి అధికార్లను ప్రశ్నలు అడిగి తెప్పించుకున్నాడు. మీ ఏట్లో ఏ చేపలు ఉన్నాయి, ఏ వలలతో పడతారు, వల కన్ను ఎంత చిన్నది, చేపలు తగ్గినాయా పెరిగినాయా అని. అన్నీ కలిపి 1873లో మంచినీటి చేపల మీద రిపోర్టు ఇచ్చినాడు.

అందులో రెండు పక్కల తప్పులూ చెప్పినాడు. ఒకటి జనం తప్పు. తొలి వానలకు చేపలు గుడ్లు పెట్టడానికి చిన్న వంకల్లోకి, వరి మళ్ళలోకి ఎక్కుతాయి. జనం అక్కడే అడ్డం కట్టి బుట్టలు పెట్టి పడతారు. సన్న కన్ను వలలతో పిల్లలను కూడా ఊడ్చేస్తారు. నీళ్ళలో విషం కలుపుతారు. రెండోది సర్కారు తప్పు. ఆనకట్టలో చేప ఎక్కి పోయే దారి వదలలేదు. సర్కారు జీతం తింటూ సర్కారు తప్పు కూడా రాసినాడు కాబట్టి ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

1875 నుంచి 1878 దాకా ఆయన రాసిన భారతదేశపు చేపలు అనే పెద్ద పుస్తకం బొమ్మలతో అచ్చయింది. దాంట్లో 1400కు పైగా చేపలు ఉన్నాయి. కర్నూలు దగ్గర తుంగభద్రలో దొరికిన చేపలు కూడా ఉన్నాయి. ఇంకా గొప్ప సంగతి ఏమిటంటే, ఆయా భాషల్లో జనం పిలిచే పేర్లు కూడా రాసినాడు. మనం వాలుగ అనే చేపకు సైన్సులో వల్లగో అని పేరు. అది మన తెలుగు మాటే!

డే గారు 1877లో ఉద్యోగం మాని ఇంగ్లాండు పోయినాడు. 1889 జూలై 10న కేన్సరు జబ్బుతో చనిపోయినాడు. నీళ్ళలో విషం కలిపి గానీ, మందుగుండు పేల్చి గానీ చేపలు చంపకూడదని 1897లో చట్టం వచ్చింది. అప్పటికి ఆయన పోయి 8 ఏండ్లు. తను అడిగినది ఆయన చూడలేదు.

ఇప్పుడు నా సంగతి. మాది ఆళ్ళగడ్డ పక్క నల్లమలలో చెంచు గూడెం. పోయిన ఎండాకాలం మా వంక మడుగులో ఎవరో పురుగుల మందు పోసినారు. చేపలన్నీ తెల్లగా పొట్టలు పైకి తేలినాయి. నేను కూడా పరిగెత్తిపోయి బుట్ట నింపుకున్నాను. తాత ఒక్కడే రాలేదు. ఆ చేపలు తినలేదు. గోరంత పిల్లలు కూడా చచ్చినాయి, వచ్చే ఏడు ఏం తింటారని అడిగినాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. మేకలను కూడా చాలా రోజులు ఆ నీళ్ళకు తోలలేదు.

సైన్సు మేడమ్ డే గారి కథ చెప్పిన రోజు నాకు తాత గుర్తుకొచ్చి ఏడుపొచ్చింది. తాతకు అక్షరం రాదు. అయినా పుస్తకంలో ఉన్నదీ తాత చెప్పిందీ ఒకటే. దసరా సెలవులకు పోయినప్పుడు నాయనకు చెప్పినాను. నాయన ఏమీ అనలేదు. తాత మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చేపల పేర్లు చెప్పినాడు. 11 పేర్లు రాసుకున్నాను. అందులో మూడు చేపలు ఇప్పుడు వంకలో కనబడవంట.

కావున అక్కలారా, చెల్లెళ్ళారా, సంక్రాంతికి ఇండ్లకు పోయినప్పుడు మీ గూడెంలో, మీ తండాలో ముసలోళ్ళను అడిగి చేపల పేర్లు రాసుకొని రండి. కుందూ పక్క నంద్యాల వాళ్ళు కూడా తేవాలి. అన్నీ ఒక చార్టు మీద రాసి ఈ గోడకే అంటిద్దాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని