గురజాడ వారి ఇంగ్లీషు

గురజాడ అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న ఎలమంచిలి దగ్గర రాయవరంలో పుట్టారు. చిన్నప్పటి చదువు చీపురుపల్లిలో. తర్వాత విజయనగరం వచ్చి, మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారి ఆశ్రయంలో ఉండి చదువుకున్నారు. 1882లో మెట్రిక్యులేషన్, 1886లో బి.ఏ. పూర్తిచేశారు. గిడుగు రామమూర్తి గారు ఆయనకు చిన్ననాటి స్నేహితులు.

కన్యాశుల్కం రాసినవారిగా ఆయన మనందరికీ తెలుసు. మొదట ఆయన ఇంగ్లీషు కవి అన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. ఇరవై ఏళ్ళ వయసులోనే ఇంగ్లీషులో పద్యాలల్లారు. 1883లో 'సారంగధర' అనే పెద్ద కావ్యం ఇంగ్లీషులో రాస్తే, అది కలకత్తా పత్రికా సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీ గారి దృష్టిలో పడింది. ఆయన మెచ్చుకుంటూనే, పరాయి భాషలో ఎంత బాగా రాసినా రావలసినంత పేరు రాదనీ, సొంత భాషలో రాయమనీ సలహా ఇచ్చారు.

అప్పారావు గారు ఆ సలహా విన్నారు, కానీ ఇంగ్లీషును వదల్లేదు. 1884లో నెలకు ఇరవై అయిదు రూపాయల జీతంతో బడిపంతులుగా చేరి, తర్వాత కళాశాలలో ఇంగ్లీషు వ్యాకరణం, అనువాదం, సంస్కృతం, గ్రీకు రోమన్ చరిత్రలు బోధించారు. డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులోనే రాసుకున్నారు. సంస్థానంలో శాసన పరిశోధన చేశారు. ఆయనకు మాటలు అబ్బింది ఈ పనుల్లోనే. రేపు తరగతిలో చెప్పాల్సిన మాటకు అర్థం ఈ రాత్రే తేల్చుకోవాలి. అనువాదానికి కూర్చున్నవాడికి దగ్గరి మాట చాలదు, సరైన మాటే కావాలి.

మా తరం ఇంజనీరింగ్ కుర్రాళ్ళు అమెరికా చదువుల కోసం బారన్స్ పుస్తకంలోని మూడున్నర వేల మాటలూ బట్టీ పట్టేవారు. పరీక్ష అయ్యాక వాటిలో నిలిచినవి, ఎవరి పనిలో వాళ్ళు వాడుకున్నవే.

ఉత్త ఆర్భాటపు ఇంగ్లీషు ఎలా ఉంటుందో గిరీశంలో ఆయనే చూపించారు. కొడుకు ఇంగ్లీషు వినాలని వెంకమ్మ ముచ్చటపడితే, గురుశిష్యులిద్దరూ పొంతన లేని ముక్కలు వల్లించేస్తారు. ఆ తల్లి మురిసిపోతుంది. మనం నవ్వుతాం గానీ, పిల్లవాడి ఇంగ్లీషు విని మురిసిపోయే అమ్మలు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. ఆ ఆశను సొమ్ము చేసుకునే గిరీశాలూ ఉన్నారు.

అదే నాటకం 1897లో అచ్చయినప్పుడు దానికి ఆయన ఇంగ్లీషులో ముందుమాట రాశారు. అందులో అలంకారం కన్నా లెక్క ముఖ్యం. మహారాజా వారు విశాఖ జిల్లాలో తీయించిన వివరాల ప్రకారం మూడేళ్ళలో 1,034 కన్యాశుల్కం పెళ్ళిళ్ళు జరిగాయి. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ లెక్క చదివినవాడికి నాటకం ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు.

చివరి రోజుల్లో కూడా ఆయన ఇంగ్లీషు అలాంటి పనికే ఉపయోగపడింది. బడుల్లో వాడుక తెలుగు ఉండాలా, గ్రాంథికమా అన్న వాదం మద్రాసు విశ్వవిద్యాలయం దాకా వెళ్ళింది. వాడుక భాష పక్షాన 1914లో ఆయన సమర్పించిన సుదీర్ఘమైన అసమ్మతి పత్రం ఇంగ్లీషులోనే ఉంది. జనం మాట్లాడే తెలుగుకు న్యాయం చెయ్యమని అడగడానికి, తీర్పు చెప్పేవారికి అర్థమయ్యే భాషను వాడుకున్నారు. మరుసటి ఏడాది, 1915 నవంబరు 30న కన్నుమూశారు.

తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు మాట కోసం తడుముకునే పిల్లలు మన బడిలో ఇంకా ఉన్నారు. వాళ్ళకు మాటల జాబితా ఇవ్వడం తేలిక. దానితోపాటు ఆ మాటలతో చెయ్యవలసిన పని కూడా ఒకటి అప్పగిద్దాం: ఊరి చెరువు గురించి కలెక్టరు గారికి ఒక అర్జీ, తాతగారి కథకు ఒక అనువాదం. ఏ మాట కావాలో ఆ పనే వాళ్ళచేత వెతికిస్తుంది.