అనైరిన్ బెవన్

బ్రిటనునందు 1948 జూలై 5వ తేదీన ధనికునకును దరిద్రునకును వైద్యశాల ద్వారము ఒక్కరీతిగా తెరువబడెను. చికిత్సకు రుసుము లేదు. తానింత చందా చెల్లించితినని రోగి రుజువు చూపవలసిన పనియు లేదు. ఈ యేర్పాటునకు కర్తయైన ఆరోగ్యమంత్రి అనైరిన్ బెవన్ బొగ్గుగని కార్మికుని కుమారుడు. తానును పదుమూడేండ్ల ప్రాయముననే గనిలో దిగినవాడు.

ఆయన 1897 నవంబరు 15వ తేదీన వేల్సునందలి ట్రెడీగర్ పట్టణమున జన్మించెను. బాల్యమున నత్తి యుండెడిది. దానిని జయించి పార్లమెంటున చర్చిలుకు ఎదురునిలువగల వక్త యయ్యెను. తండ్రి బొగ్గుధూళిచే ఊపిరితిత్తులు చెడి 1925లో మరణింపగా, కుటుంబమునకు పరిహారమేమియు లభింపలేదు.

ట్రెడీగరునందు కార్మికుల వైద్యసహాయ సంఘ మొకటి యుండెను. వేతనమునుండి కొన్ని పెన్నీల నిచ్చి, కార్మికులు వైద్యులను తామే నియమించుకొనుచుండిరి. ప్రసిద్ధ నవలాకారుడు క్రోనిన్ కొంతకాల మచట వైద్యుడుగా పనిచేసెను. బెవన్ తన ప్రణాళికకు ఈ సంఘమునే ఆదర్శముగా గైకొనెనని చెప్పుదురు. అది సగము నిజము మాత్రమే. సంఘమునందు చందాయే హక్కునకు మూలము. 1911 నాటి లాయిడ్ జార్జి భీమా శాసనమునందును అంతే. చందా చెల్లించు కార్మికునకు వైద్యుడు లభించెను గాని, భార్యాబిడ్డలకు లభింపలేదు. బెవన్ ఈ ముడిని తెంచివేసెను. వ్యయమునందు అధికభాగము సామాన్య పన్నులనుండి, అనగా కలవాని నుండి ఎక్కువగా, రావలెను. చికిత్స మాత్రము రోగమునుబట్టి యుండవలెను.

పన్ను చెల్లించువారు మేమైనప్పుడు పరులకేల వైద్యమని నాడును ప్రశ్నించినవారు కలరు. విదేశీయులను తొలగింపవలెనని కొంద రలజడి చేసిరి. వారిని వేరుపరచుటకు ప్రతి రోగియు తానెవ్వడో రుజువు చేసికొనవలసి వచ్చును గదా యని బెవన్ వాదించెను. రుసుము గైకొను అధికారము 1949లోనే శాసనమున చేర్చబడినను, 1982 వరకు దాని నుపయోగింపలేదు.

వైద్యసంఘము తీవ్రముగా ప్రతిఘటించెను. 1948 ఆరంభమున జరిగిన ఓటింగునందు వైద్యులలో అత్యధికులు వ్యతిరేకించిరి. నిపుణులను శాంతింపజేయుటకై ప్రభుత్వాసుపత్రులలోనే సొమ్మిచ్చు రోగులకు కొన్ని పడకలు విడిచెను. సమానత్వమునకు ఇది మచ్చయే. కాని ఆ మచ్చ లేనిచో ప్రణాళికయే పుట్టి యుండదేమో.

అదే 1946లో, బెవన్ శాసన మామోదింపబడిన యేట, మన దేశమున భోర్ సంఘమును వెల యియ్యలేనివానికి వైద్యము నిరాకరింపరాదని నివేదించెను. ఆ శాసనము రెండేండ్లలో ఆచరణకు వచ్చెను; ఈ నివేదికలో అధికభాగము కాగితముననే నిలిచెను.

కొరియా యుద్ధకాలమున ఆయుధముల వ్యయము పెరుగగా, 1951 బడ్జెటు కట్టుడు దంతములకును కంటి అద్దములకును రుసుము విధించెను. ఆ యేట దానివలన రాదగిన సొమ్ము ఒక కోటి ముప్పది లక్షల పౌన్లు మాత్రమే. అప్పటికి కార్మికశాఖకు మారియున్న బెవన్, ఏప్రిల్ 22వ తేదీన మంత్రిపదవిని త్యజించెను. మందుల చీటికి రుసుము విధించు అధికారమును 1949లో తానే యంగీకరించి యుండెనని విరోధు లెత్తిపొడిచిరి. ఆ మాటయు నిజమే. చర్చిలు ప్రభుత్వము 1952లో ఆ రుసుమును అమలుపరచెను.

బెవన్ 1960 జూలై 6వ తేదీన పుట్టకురుపు (క్యాన్సరు) వ్యాధిచే మరణించెను. ఆయన పుట్టిన వేల్సునందు మందుల చీటి రుసుము 2007లో రద్దయ్యెను.