పురిటి మంచం వద్దకు శాస్త్రాన్ని చేర్చిన అచ్చమాంబ

విజయవాడ: పల్లెల్లో కాన్పు భారమంతా మంత్రసానులే మోసిన రోజులవి. తల్లీబిడ్డల ప్రాణాలకు వైద్యుల కొరత ఎంత ముప్పో, అజ్ఞానమూ అంతే ముప్పుగా ఉండేది. ఆ కాలంలో గర్భిణులు, బాలింతల కోసం తెలుగులో ‘ప్రసూతి - శిశుపోషణ’ గ్రంథాన్ని రచించిన వైద్యురాలు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ.

ఆమె 1906లో జన్మించారు. విజ్ఞాన సర్వస్వ నిర్మాత కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ఆమె తండ్రి. తొలితరం కథారచయిత్రి భండారు అచ్చమాంబ మేనత్త. ఆమె పేరే ఈమెదీనూ. ఆంగ్లం రాని పాఠకులకు తండ్రి శాస్త్ర విషయాలను తెలుగులో అందించగా, కుమార్తె అదే కృషిని పురిటిగది వరకూ తీసుకువెళ్లారు. వైద్యుని సలహా దొరకని ఇంట అక్షరం వచ్చిన ఒక్క స్త్రీ ఉన్నా, అటువంటి పుస్తకం అక్కరకు వచ్చేదే.

1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన అచ్చమాంబ 1964లో కన్నుమూశారు.