ఇగ్నాజ్ సెమ్మెల్వైస్

ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్వైస్ (జూలై 1, 1818 - ఆగష్టు 13, 1865) హంగేరీ దేశానికి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు. ఆసుపత్రులలో ప్రాణాంతకమైన అంటును వైద్యుల చేతులే రోగులకు చేరవేస్తున్నాయని గుర్తించి, చేతులను శుద్ధి చేసుకొనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఇతనికి తల్లుల రక్షకుడు అని పేరు.

బాల్యము, విద్యాభ్యాసము

సెమ్మెల్వైస్ నేటి బుడాపెస్టులో భాగమైన బుడాలో ఒక వర్తకుని కుటుంబంలో జన్మించాడు. 1837లో న్యాయశాస్త్రం చదవడానికి వియన్నా వెళ్ళి, తరువాత వైద్యవిద్యకు మారాడు. 1844లో వైద్య పట్టా పొంది, 1846లో వియన్నా జనరల్ ఆసుపత్రిలోని మొదటి ప్రసూతి విభాగంలో సహాయకుడిగా చేరాడు.

సూతికా జ్వరంపై పరిశోధన

ఆ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటి దానిలో వైద్య విద్యార్థులు, రెండవ దానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1841-46 మధ్యకాలంలో మొదటి విభాగంలో సుమారు 10 శాతం బాలింతలు మరణించగా, రెండవ దానిలో 4 శాతం మాత్రమే మరణించారు. మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు ప్రాధేయపడేవారు.

1847లో ఇతని మిత్రుడైన వైద్యుడు యాకోబ్ కొలెచ్కా శవపరీక్ష సమయంలో కత్తి గుచ్చుకొని మరణించాడు. అతని శరీరంలో కనిపించిన మార్పులు సూతికా జ్వరంతో మరణించిన స్త్రీలలోని మార్పులను పోలి ఉన్నాయి. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే నేరుగా గర్భిణులను పరీక్షించేవారు. మంత్రసానులకు శవపరీక్షలతో సంబంధం లేదు. దీనిని బట్టి శవాల నుండి అంటిన మలిన పదార్థమే వ్యాధికి మూలమని సెమ్మెల్వైస్ నిర్ధారించాడు. 1847 మే నెల నుండి అందరూ క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంలో చేతులు కడుగుకోవాలని ఆదేశించాడు. ఏప్రిల్‌లో 18 శాతంగా ఉన్న మరణాలు జూన్ నాటికి సుమారు 2 శాతానికి తగ్గాయి. జీవించి ఉన్న రోగి పుండ్ల స్రావాల వలన కూడా అంటు వ్యాపిస్తుందని తరువాత గ్రహించి, ప్రతి రోగికీ మధ్య చేతులు కడగడం తప్పనిసరి చేశాడు.

వ్యతిరేకత, మరణము

తమ చేతులే మరణాలకు కారణమన్న మాటను అనేకమంది వైద్యులు అంగీకరించలేదు. 1849లో ఇతని పదవీకాలం పొడిగింపబడలేదు. 1850లో పెస్టు నగరానికి తిరిగివచ్చి, అక్కడి సెయింట్ రోకస్ ఆసుపత్రిలో అదే పద్ధతిని అమలుపరచాడు. 1855లో ఆచార్యుడయ్యాడు. తన పరిశోధనలను 1861లో గ్రంథంగా వెలువరించినా అంతగా ఆదరణ లభించలేదు. విమర్శకులకు తీవ్ర పదజాలంతో బహిరంగ లేఖలు వ్రాశాడు. 1865లో మతి చలించిందని వియన్నాలోని మానసిక చికిత్సాలయంలో చేర్చగా, రెండు వారాలకే గాయం కుళ్ళి, దాని అంటు రక్తంలో వ్యాపించి 47వ యేట మరణించాడు.

ప్రభావము

అనంతరం పాశ్చర్, లిస్టర్‌ల కృషి వలన ఇతని సిద్ధాంతం బలపడింది. బుడాపెస్టులోని వైద్య విశ్వవిద్యాలయానికి 1969లో ఇతని పేరు పెట్టారు. రోగుల నుండి వెలువడే మలినాలు ఇతరులకు ప్రాణహాని కలిగించరాదన్నదే నేటి ఆసుపత్రి వ్యర్థాల నిర్వహణకు కూడా ఆధారం. భారతదేశంలో ఇందుకోసం 1998లో, తిరిగి 2016లో నియమావళులు వెలువడ్డాయి. వాటి ప్రకారం రక్తసిక్తమైన దూది, కట్లు పసుపు సంచిలోను, సూదులు తెల్లని గట్టి డబ్బాలోను వేయాలి. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ఆసుపత్రి బాధ్యత. ఇవి మహానగరాల ఆసుపత్రులకే కాక ఆసిఫాబాదు వంటి పట్టణాలలోని చిన్న క్లినిక్కులకు కూడా వర్తిస్తాయి.