రక్తానికి రంగులద్దిన ఎర్లిక్

మహనీయులలో ఒకరిని గురించి వ్రాయమనగానే నాకు 2020 నాటి జ్వరాల వార్డు గుర్తుకొచ్చింది. అప్పుడు నేను తిరుపతిలో హౌస్‌సర్జన్‌ని. చిత్తూరు జిల్లా నలుమూలల నుంచీ రోగులు వచ్చేవారు. కరోనా పరీక్ష ఫలితానికి రోజులు పట్టేది. మామూలు రక్తపరీక్ష కాగితం మాత్రం గంటలో చేతికందేది. అందులో లింఫోసైట్లు బాగా తగ్గి ఉంటే అనుమానించి, రోగిని విడిగా ఉంచేవాళ్లం. తెల్లకణాలను జాతులుగా విడదీసి లెక్కించే ఆ విద్యకు ఆద్యుడు పాల్ ఎర్లిక్.

ఆయన 1854లో అప్పటి ప్రష్యాలోని స్ట్రెలెన్‌లో జన్మించాడు. విద్యార్థిగా పాఠాలకన్నా రంగుల మీదే ధ్యాస. బట్టలకు వేసే అనిలిన్ రంగులను శరీర కణాలకు అద్ది చూడటం ఆయనకు పిచ్చి. 1878లో పట్టా పుచ్చుకొని బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో చేరాడు. గాజుపలకపై రక్తపు చుక్కను పలుచగా పరచి, ఆరబెట్టి, వేడిచేసి రంగు వేశాడు. ఒకేలా కనిపించే తెల్లకణాలు ఏ రంగును పీల్చుకుంటాయో దాన్నిబట్టి వేరుపడ్డాయి. ఇయోసినోఫిల్, న్యూట్రోఫిల్ అని మనం బట్టీపట్టే పేర్లు అలా పుట్టినవే. వైరస్ అనేదొకటుందని అప్పటికి లోకానికి తెలియదు!

1882లో కోఖ్ క్షయక్రిమిని ప్రకటించగా, దానికి రంగువేసే పద్ధతిని ఎర్లిక్ మెరుగుపరచాడు. కొన్నేళ్లకు తన కఫంలోనే ఆ క్రిములు కనిపించాయి. ఈజిప్టు వెళ్లి కొంతకాలముండి కోలుకొని వచ్చాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1910లో ఆయన 606వ మందు సాల్వర్సాన్ సిఫిలిస్ రోగులకు ఊపిరిపోసింది. 1915లో కన్నుమూశాడు.

ఆ కఫం సంగతి చదివినప్పుడల్లా నా పొరపాటు జ్ఞాపకమొస్తుంది. లెక్క సవ్యంగా ఉంది కదా అని ఒక పెద్దాయనను మామూలు వార్డుకు మార్చేద్దామన్నాను. మా సీనియర్ అక్క, ఫలితం వచ్చేదాకా ఆగమంది. మర్నాడు పాజిటివ్ అని వచ్చింది! ఆ వార్డులో అప్పుడు ముప్పై మంది ఉన్నారు. జబ్బు తొలిరోజుల్లో లింఫోసైట్లు తగ్గకపోవచ్చు. వేరే జబ్బుల్లోనూ, స్టీరాయిడ్లు వాడినా తగ్గవచ్చు. కణాల లెక్క అనుమానం పుట్టిస్తుంది. క్రిమిని పట్టి చూపేది వేరే పరీక్ష. ఎర్లిక్ ఈ రెండు దారులకూ రంగు వేశాడు. మొదటిదాన్నే నమ్ముకుని రెండోదాన్ని మరిచిపోబోయింది నేనే.