వినడం తెలిసిన మనిషి: హేమలతా లవణం

మాట్లాడేవాళ్ళకు మన దేశంలో లోటు లేదు. బెజవాడలో అసలే లేదు. సభలకూ ఉపన్యాసాలకూ పేరుపడ్డ ఊరు మనది. కాని ఎదుటి మనిషి చెప్పేది అడ్డు తగలకుండా చివరిదాకా వినేవాళ్ళు ఎంతమంది? ఈనాడు ఆ పనిని కౌన్సెలింగ్ అంటున్నాం. దానికి చదువులూ పట్టాలూ వచ్చాయి. అవి మన ప్రాంతంలో ఇంకా వ్యాపించని రోజుల్లోనే, వినడమే ఆయుధంగా పనిచేసిన ఒక మహిళ విజయవాడలో ఉండేవారు. ఆమే హేమలతా లవణం.

హేమలత 1932 ఫిబ్రవరి 26న వినుకొండలో జన్మించారు. తండ్రి మహాకవి గుర్రం జాషువా, తల్లి మరియమ్మ. జాషువాగారి గబ్బిలం 1941లో వెలువడింది. అందులో ఒక అంటరానివాడు తన గోడు వినే మనిషి లేక, ఇంట్లోకి వచ్చిన గబ్బిలానికి చెప్పుకుంటాడు. కాశీలో ఉన్న శివుడికి చేరవెయ్యమంటాడు. తిండీ బట్టా లేకపోవడం ఒక బాధ అయితే, చెప్పుకుందామంటే వినే దిక్కు లేకపోవడం మరో బాధ. తండ్రి ఆ రెండో బాధను కావ్యం చేశారు. కూతురు దాన్ని తీర్చడానికి నడుం కట్టారు.

1960లో ఆమె గోరాగారి కుమారుడు లవణాన్ని వివాహం చేసుకున్నారు. గోరా 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం, 1947లో విజయవాడ పటమటకు మారింది. కులం పట్టింపులేని ఆ ఇంట్లో అడుగుపెట్టిన హేమలతకు సంఘసేవ కొత్తగా నేర్చుకోవలసిన పాఠం కాలేదు.

ఆమె పేరు చెప్పగానే గుర్తొచ్చేది స్టూవర్టుపురం. బాపట్ల దగ్గరి ఈ ఊరు తెల్లదొరల కాలంలో ఏర్పడిన సెటిల్మెంటు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలకు పుట్టుకతోనే దొంగలనే ముద్ర వేసింది. అలా ముద్రపడ్డ ఎరుకలవారిని సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఇక్కడ ఉంచారు. చట్టం 1952లో రద్దయింది గాని ముద్ర రద్దు కాలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా చూపు అటే పోయేది.

చంబల్ లోయలో 1960లో వినోబా భావే, 1972లో జయప్రకాశ్ నారాయణ్ బందిపోట్లను ఆయుధాలు దింపేలా చేశారు. ఆ స్ఫూర్తితో లవణం దంపతులు 1974లో స్టూవర్టుపురంలో సంస్కరణ కార్యక్రమం మొదలుపెట్టారు. అప్పుడు జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రి. ఆ పనికి లాఠీ అక్కర్లేదు, ఓపిక కావాలి. పోలీసులకు అనుమానం, సొమ్ము పోగొట్టుకున్నవాళ్ళకు కోపం, ఆ పేటవాళ్ళకు భయం. ఇలా మూడువైపులా నమ్మకం లేనిచోట ముందు వినేవాళ్ళు కావాలి. దొంగ అని పిలిస్తే దొంగగానే జవాబిస్తాడు. నీ కథేమిటని అడిగితే ఒక తండ్రో, ఒక భర్తో, చదువుకు నోచుకోని ఒక పిల్లవాడో బయటికొస్తాడు.

అయితే వినడం అంటే వెనకేసుకు రావడం కాదు. చేసింది తప్పేనని ఒప్పుకోవడం, చట్టానికి లోబడటం, కష్టపడి బతకడం ఇవన్నీ సంస్కరణలో భాగాలే. అందరూ మారిపోయారని చెప్పలేం. కాని మనిషి మారగలడనే నమ్మకం నిలబడింది.

గోరా పుట్టిన 1902లోనే అమెరికాలో కార్ల్ రోజర్స్ పుట్టారు. మానసిక చికిత్సలో సలహాకన్నా శ్రద్ధగా వినడం, మనిషిని మనిషిగా అంగీకరించడం ముఖ్యమని ఆయన జీవితమంతా బోధించారు. ఆయన గదిలో కూర్చుని చేసిన పనిని హేమలత ఊళ్ళకూ జైళ్ళకూ వెళ్ళి చేశారు.

సంస్కార్ సంస్థ ద్వారా 1980లలో ఆమె నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య పనిచేశారు. దేవత పేరిట వదిలేసిన ఆడపిల్లకు ఇల్లూ, పెళ్ళీ, పిల్లలకు తండ్రి పేరూ దక్కని దురాచారం అది. దేవదాసీ, జోగినీ వ్యవస్థలను నిషేధిస్తూ 1988లో రాష్ట్రంలో చట్టం వచ్చింది. కాని బిడ్డను అర్పించిన తల్లి భయాన్ని చట్టం పోగొట్టలేదు. పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళే పోగొట్టాలి.

2008 మార్చి 19న ఆమె కన్నుమూశారు. అప్పటికి మనలో చాలామందిమి పాలు తాగే పసివాళ్ళం, కొందరం పుట్టనేలేదు.

మిత్రులారా! ర్యాంకుల ఒత్తిడి తట్టుకోలేక పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు మన ప్రాంతానికి కొత్త కాదు. హాస్టల్లో పక్క మంచంమీది స్నేహితుడు నాలుగు రోజులుగా అన్నం సరిగా తినకపోతే, ముందు సలహా ఇవ్వకండి. పక్కన కూర్చోండి, అడగండి, చెప్పేదాకా ఆగండి. మనవల్ల కాదనిపిస్తే అధ్యాపకులకు చెప్పాలి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416 కూడా ఉంది. ఇందులో నామోషీ ఏమీ లేదు. మన మధ్య ఉన్నవాడెవడూ తన గోడు గబ్బిలానికి చెప్పుకునే గతి పట్టకూడదు.